కొట్టివేసిన నాలుగో షరతు

ఆ షరతుల కాగితం టైపు చేసింది నేనే. రెండుసార్లు చేశాను. మొదటిసారి అందులో ఐదు షరతులున్నాయి, రెండోసారి నాలుగే. ఆ ఒక్కటి ఎలా తగ్గిందో, దానివల్ల మా మేనమామకు ఏం జరిగిందో ఇన్నేళ్లకు రాయడానికి కూర్చున్నాను. రాసినందువల్ల ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదని తెలుసు.

మాది కరీంనగర్. బాపు సర్కారు ఆఫీసులో గుమాస్తా. నేను లెక్కలతో బి.ఎస్సీ. చదివి, హైదరాబాదులో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఆరునెలల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఎనభైల చివరి సంగతి. ఆ చదువుకు మా ఊళ్లో ఏం ఉద్యోగం దొరుకుతుందో నాకూ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. అప్పుడు పేపర్లో ఒక ప్రకటన పడింది. పత్తి పురుగుల మీద ఒక విశ్వవిద్యాలయం మూడేళ్ల పథకం మొదలుపెట్టి, ఆదిలాబాద్‌లో అద్దె ఇంట్లో ఆఫీసు తెరుస్తోంది. కంప్యూటర్ పని వచ్చినవాళ్లు ఒకరు కావాలి. ఉద్యోగం తాత్కాలికం.

"మూడేండ్ల కొలువు కోసం గంత దూరమెందుకే?" అంది అవ్వ, అంటే మా అమ్మ. కానీ ఆదిలాబాద్‌కు బస్సులో అరగంట దూరాన మా మేనమామ ఊరు. అవ్వకు ఒక్కడే తమ్ముడు. "తమ్ముని ఇంట్ల ఉంటానంటే నాకు ఫికర్ లేదు" అని చివరికి తనే నా పెట్టె సర్దింది.

మామకు ఎనిమిదెకరాల నల్లరేగడి. అంతా పత్తే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెలుగెంత వేగంగా మాట్లాడేవాడో మరాఠీ కూడా అంతే వేగంగా మాట్లాడేవాడు. పత్తి మార్కెట్లో బండి నిలబెట్టుకుని ఒక వ్యాపారితో ఒక భాషలో, పక్కవాడితో ఇంకో భాషలో బేరమాడుతుంటే చూడడానికి సరదాగా ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. అత్త తక్కువ మాట్లాడేది. మామ మాట్లాడే మాటలన్నీ ఆమె ముందే విన్నట్టుగా పని చేసుకుంటూ పోయేది. నన్ను మాత్రం మొదటి నెలలోనే సొంత బిడ్డను చేసుకుంది. నా తలకు నూనె పెట్టనిదే ఆదివారం గడిచేది కాదు.

ఆఫీసులో సార్, నేను, ఒక అటెండరు. సార్ పురుగుల శాస్త్రవేత్త, విశ్వవిద్యాలయం నుంచి బదిలీ మీద వచ్చారు. మంచి మనిషి. ఈ మాట కోపంతో అనడం లేదు, వెటకారంగా అనడం లేదు. పని నేర్పడంలో ఆయనంత ఓపిక గలవాళ్లను నేను తర్వాత చూడలేదు.

పొద్దున్నే చేలలోకి వెళ్లేవాళ్లం. ఒక్కో చేనులో అక్కడక్కడా ఇరవై మొక్కలు ఎంచుకుని, ఆకు తిప్పి, మొగ్గ విప్పి చూడాలి. పురుగు గుడ్లెన్ని, పురుగులెన్ని, వాటిని తినే అక్షింతల పురుగులెన్ని, సాలీళ్లెన్ని, అన్నీ లెక్కపెట్టి రాసుకోవాలి. మధ్యాహ్నం ఆ లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. కరెంటు ఉన్నంతసేపు ఎక్కించేదాన్ని, పోతే మళ్లీ మొదటికొచ్చేది. కొన్ని నెలలు చూశాక సార్ చెప్పేదేమిటో నాకూ అర్థమైంది. మావాళ్లు పురుగు కనిపిస్తే మందు కొడతారు, కనిపించకపోతే భయానికి కొడతారు, పక్క చేనువాడు కొడితే తామూ కొడతారు. ఆ మందుకు పురుగుకన్నా ముందు పురుగును తినేవి చస్తాయి. తర్వాత వచ్చే పురుగుకు అడ్డమే ఉండదు.

ఎంత పురుగుంటే మందు కొట్టాలి, ఎంత ఉంటే కొట్టనక్కరలేదు అన్నదానికి సార్ దగ్గర పట్టికలుండేవి. "ఈ పట్టికలు నా బీరువాలో ఉంటే లాభం ఏముందమ్మా, రైతు చేతికి వెళ్లాలి" అన్నారు ఒకరోజు. అలా మొదలైంది ఆ ప్రోగ్రాము. పైరు వయసెంత, ఇరవై మొక్కల్లో ఏవేవి ఎన్ని కనిపించాయి, వారంలో వాన పడిందా, ఇవి అడుగుతుంది. జవాబులు కొడితే ప్రింటరులోంచి ఒక చీటీ వస్తుంది. చీటీ తెలుగులో రావాలని సార్ పట్టుదల. ఆ ప్రింటరుకు తెలుగు రాదు. నేను గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరాన్ని చుక్కలు చుక్కలుగా గీసి, ఆ చుక్కలను అంకెలుగా మార్చి ప్రోగ్రాములో పెట్టాను. 'క్ష' ఒక్కటే రెండు రోజులు తిన్నది. మొత్తం ఏడాది పట్టింది.

మొదటి చీటీ తీసుకెళ్లి మామకు చూపించాను. అందులో 'కీటకనాశని పిచికారీ ప్రస్తుతం అనవసరం' అని ఉంది. మామ దాన్ని దూరంగా పట్టుకుని చదివి, దగ్గరికి తెచ్చుకుని చదివి నవ్వాడు.

"గీ మాట ఎవ్వనికి సమజైతది బిడ్డా? జర సాఫ్‌గ రాయి. మందు కొట్టకుండ్రి, గంతే."

మర్నాడు సార్‌కు చెప్పాను. ఆయన కూడా నవ్వి, మార్చమన్నారు. అప్పటినుంచి చీటీ మీద 'ఈ వారం మందు కొట్టకండి. ఐదు రోజులకు మళ్లీ చూడండి' అని వచ్చేది.

ఆ ఏడు మామ తన చేను మొత్తం చీటీ చెప్పినట్టే చేశాడు. అత్తకు నమ్మకం లేదు. "అందరు కొడుతుంటే మనం జేతులు కట్టుకొని కూసుంటమా?" అని రెండుసార్లు అంది. మామ వినలేదు. ఊరివాళ్లు పదిసార్లు కొట్టిన చోట మామ నాలుగుసార్లు కొట్టాడు. పత్తి వాళ్లకన్నా తక్కువేమీ రాలేదు. అది చూసి మరుసటి ఏడు ఊళ్లో మరో ఏడెనిమిది మంది లెక్కలు రాసిచ్చారు. కొందరు అగ్గిపెట్టెల్లో పురుగులు పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టి, "అమ్మా, ఇది మంచిదా చెడ్డదా?" అని అడిగేవాళ్లు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు వాళ్ల లెక్కలు పట్టుకెళ్లి, సాయంత్రం చీటీలు తెచ్చి ఇచ్చేదాన్ని. నా బతుకులో నేను పనికొచ్చానని అనిపించిన రోజులవి. అవి మళ్లీ రాలేదు.

మూడో ఏడు సగంలో విశ్వవిద్యాలయం నుంచి సార్‌కు ఉత్తరం వచ్చింది. ప్రోగ్రామును బయటివాళ్లకు ఇవ్వదలిస్తే ఏ షరతుల మీద ఇస్తారో రాసి పంపమన్నారు. అలాంటి కాగితం ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలియదు. మేం వాడే గణాంకాల ప్రోగ్రాము ఒక విదేశీ విశ్వవిద్యాలయం తయారుచేసింది. దాంతోపాటు వచ్చిన షరతుల కాగితాన్ని సార్ ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం చదువుతూ, మాకు తగినట్టు చెబుతుంటే నేను రాసుకున్నాను.

చదువుకూ పరిశోధనకూ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, నకలు తీసి ఇతరులకు ఇవ్వవచ్చు. ఇది మొదటిది. వ్యాపారంగా పంపిణీ చేయాలంటే విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇది రెండోది. ప్రతి నకలు మీదా, ప్రతి చీటీ మీదా విశ్వవిద్యాలయం పేరు ఉండి తీరాలి. ఇది మూడోది. దీన్ని వాడటం వల్ల ఎవరికి ఏ నష్టం కలిగినా విశ్వవిద్యాలయానికి బాధ్యత లేదు. ఇది చివరిది.

నేను రాయడం ఆపి అడిగాను. "సార్, తీసుకున్నోళ్లు లోపల పట్టికలు మారిస్తే? మారిస్తే కూడా మన పేరే ఉంటది గద సార్?"

సార్ కొంచెంసేపు ఆలోచించి, "నిజమే సుమా" అన్నారు. అప్పుడు నాలుగో షరతు పుట్టింది. సలహా పట్టికలను మార్చి పంపిణీ చేసేవారు చీటీ మీద ఆ సంగతి తెలపాలి, విశ్వవిద్యాలయం ఆమోదం లేకుండా దాని పేరు వాడరాదు. బాధ్యత లేదన్నది ఐదోదయింది. నేను టైపు చేశాను, సార్ సంతకం పెట్టారు. ఆ ఒక్క షరతూ నాది అని నాకు ఎంతో గర్వంగా ఉండింది.

రెండు నెలలకు ఒక పురుగుమందుల కంపెనీ మేనేజరు వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. నాతో సహా అందరినీ 'అండి' అనే పిలిచాడు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తమ మందులు అమ్మే పెద్ద దుకాణాల్లో కంప్యూటర్లు పెడతామన్నాడు. రైతు లెక్క చెబితే అక్కడికక్కడే చీటీ ఇస్తారు, రైతుకు ఖర్చుండదు. షరతుల కాగితం చదివి, వేలు నాలుగోదాని మీద పెట్టాడు.

"అన్నీ బాగున్నాయి సార్. ఈ ఒక్కటే ఇబ్బంది. రేపు కొత్త పురుగు వస్తుంది, కొత్త మందు వస్తుంది. పట్టిక మార్చిన ప్రతిసారీ మీ ఆమోదం కోసం కాగితాలు పంపుతూ కూర్చుంటే పంటకాలం దాటిపోతుంది కదండీ."

సార్ నా వైపు చూడలేదు. అప్పటికి పథకం గడువు నాలుగు నెలలే మిగిలి ఉంది. ప్రోగ్రాము ఎంతమంది రైతులకు చేరిందని పైనుంచి ఉత్తరం మీద ఉత్తరం వస్తోంది. మా జవాబు ఒక ఊరు, తొమ్మిదిమంది రైతులు. ఆ మేనేజరు తప్ప మా ప్రోగ్రామును అడిగి వచ్చినవాళ్లు లేరు.

సార్ పెన్ను తీసి నాలుగో షరతును అడ్డంగా కొట్టివేశారు.

మేనేజరు టీ తాగడానికి బయటికి వెళ్లినప్పుడు అన్నాను. "సార్, గది లేకుంటే వాళ్ల ఇష్టం వచ్చినట్టు రాసుకుంటరు సార్."

"మన ప్రోగ్రామును నమ్మి తీసుకుంటున్నారమ్మా. మనం వాళ్లను నమ్మకపోతే ఎలా? ఇది బీరువాలో పడి ఉండటం కన్నా నయం కదా."

నేను అక్కడితో ఆగనక్కరలేదు. ఇంకోసారి అనవచ్చు. టైపు చేయనని కూర్చోవచ్చు. తాత్కాలిక ఉద్యోగిని, ఇంకో పథకంలోకి తీసుకోవాలంటే సార్ మాట సాయం కావాలి. అదీ మనసులో ఉంది. మళ్లీ శుభ్రంగా టైపు చేసి ఇచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం లడ్డూలు కొనుక్కుని మామ ఇంటికెళ్లి, "మన చీటీ ఇగ అన్ని దుకాణాలల్ల వస్తది మామా" అని గొప్పగా చెప్పాను. మామ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. కొట్టివేసిన షరతు సంగతి నేను చెప్పలేదు. చెప్పకూడదని అనుకోలేదు, సంబరంలో గుర్తుకు రాలేదు, అంతే. తర్వాత ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా కొరికింది ఈ ముక్కే.

పథకం ముగిసింది. ఇంకో పథకంలోకి నన్ను తీసుకోలేదు. కరీంనగర్ తిరిగొచ్చి ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటూ ఉన్నాను. బాపు ఎక్కడో దుకాణంలో ఆ చీటీ ఒకటి సంపాదించి, జేబులో పెట్టుకుని, కనిపించినవాళ్లకల్లా చూపించేవాడు. "మా బిడ్డ తయారు జేసింది" అనేవాడు. చీటీ మీద పైన విశ్వవిద్యాలయం పేరు, కింద నా అక్షరాలు. అందులో ఏముందో నేను సరిగా చదవలేదు.

ఆ ఏడు దసరా దాటాక ఆదిలాబాద్ నుంచి ఫోను వచ్చిందని పక్కింటివాళ్లు పిలిచారు. మామ ఆసుపత్రిలో ఉన్నాడు. అవ్వా నేనూ మొదటి బస్సుకు వెళ్లాం.

మామ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, చేతులు ఆనలేదు. అత్త చెప్పింది. నాలుగు రోజుల కిందట రెండు మందులు కలిపి కొడుతున్నాడు. ఎండ. గాలి ఎదురు తిరిగింది. సాలు మధ్యలో పంపు దించుకుని కూర్చుండిపోయాడు. నోట్లోంచి ఒకటే చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లు కనిపించడం లేదన్నాడు. ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కణ్నుంచి లారీలో ఆసుపత్రికి తెచ్చారు. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు.

"ఎన్నోసారి కొడుతున్నడు అత్తా?" అని అడిగాను.

అత్త సంచిలోంచి చీటీల కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది. దారంతో కట్టి, తేదీల ప్రకారం పేర్చి ఉన్నాయి. పదిహేడు. ప్రతిదాని మీదా ఫలానా మందు ఇంత కొట్టండి అని ఉంది. కొన్నింటిలో రెండు మందులు కలిపి కొట్టమని. ఒక్క దాంట్లోనూ 'కొట్టకండి' లేదు.

"నేను అన్న," అంది అత్త. "నాలుగొద్దులకోసారి గీ కొట్టుడేంది, పోయిన యాడాది గిట్ల లేకుండె గద అని. మన పిల్ల రాసింది, మన పిల్ల తప్పు చెప్పది అన్నడు."

చేను చూడటానికి ఆ మధ్యాహ్నమే వెళ్లాను. ఆకులు జిగురుగా, నల్లగా మసి పట్టినట్టు ఉన్నాయి. మొక్కను ముట్టుకుంటే పిండి ఎగిరినట్టు తెల్లదోమ లేచింది. ఇరవై మొక్కలు తిరిగి చూశాను. ఒక్క అక్షింతల పురుగు లేదు. సాలీడు లేదు.

అక్కణ్నుంచి ఆదిలాబాద్‌లో ఆ చీటీలు ఇచ్చిన దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు గల్లా పక్కనే పెట్టారు, పసుపు బొట్లు పెట్టి దండ వేసి ఉంది. దుకాణదారు మర్యాదస్తుడు. లెక్క చెప్పమన్నాడు. లేని చేను లెక్క ఒకటి కల్పించి చెప్పాను. పైరు అరవై రోజులు. గుడ్లు లేవు. పురుగులు లేవు. అక్షింతల పురుగులు ముప్పై. సాలీళ్లు ఇరవై. వాన లేదు. అంతకన్నా ఆరోగ్యమైన చేను భూమ్మీద ఉండదు. ఆయన ఒక్కో అంకె కొట్టాడు. ప్రింటరు కర్రుమని కదిలింది. పైన విశ్వవిద్యాలయం పేరు వచ్చింది. కింద 'ముందు జాగ్రత్తగా ఈ మందు కొట్టండి' అని వచ్చి, కంపెనీ మందు పేరు, మోతాదు వచ్చాయి. నేను గళ్ల కాగితం మీద గీసిన అక్షరాలే అవి. 'జాగ్రత్త'లో గకారం కిందికి రావలసిన క్రావడి నేను గీసినట్టే కొంచెం పక్కకు ఒరిగి ఉంది.

"మందు కొట్టకుండ్రి అని ఎన్నడన్న వచ్చిందా సేటు?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. "రాలే మేడం. నా దగ్గరికి వచ్చినంక ఒక్కనాడు రాలే. మిషను ఏది చెప్తే గదే ఇస్తున్నం. యూనివర్శిటీ వాళ్లది గద, మాకేం ఎరుక?"

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ దుకాణంలో అబద్ధం చెప్పినవి నా అక్షరాలే.

చీటీలు, ఆ కొత్త చీటీ పట్టుకుని హైదరాబాదు వెళ్లాను. సార్ అప్పటికి విశ్వవిద్యాలయంలో పై ఉద్యోగంలో ఉన్నారు. గుర్తుపట్టి కూర్చోబెట్టారు. పదిహేడు చీటీలూ ఒక్కొక్కటే చదివారు. ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత బీరువా తెరిచి ఫైలు తీసి, నేను టైపు చేసిన కాగితం ముందు పెట్టుకున్నారు.

"అనుమతి తీసుకున్నారు. మన పేరు ప్రతి చీటీ మీదా వేశారు. షరతు ఏదీ తప్పలేదమ్మా."

"పట్టిక మార్చిండ్రు సార్."

"మార్చకూడదని ఇందులో లేదు."

"ఉండె సార్. మీరే కొట్టేసిండ్రు. మళ్ల టైపు చేసింది నేనే."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడు నేనేం చెయ్యగలనమ్మా? వాళ్లను నిలదీస్తే, మీరే ఇచ్చారుగా అంటారు. నష్టానికి మనం బాధ్యులం కామని కూడా ఉంది చూడు. నీకూ ఇబ్బంది ఉండదు."

"మన పేరన్న తీసెయ్యమనుండ్రి సార్. గదే చూసి నమ్ముతున్నరు."

"పేరు ఉండాలన్నది మన షరతే కదా" అన్నారు. అని, తను అన్నదేమిటో తనకే వినిపించినట్టు తల దించుకున్నారు. నేను లేచి వచ్చేశాను. తర్వాత ఆయన్ను ఎప్పుడూ కలవలేదు.

విశ్వవిద్యాలయానికి రిజిస్టరు పోస్టులో అర్జీ పెట్టాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. షరతుల ఉల్లంఘన జరిగినట్టు కనిపించలేదని, నా ఆసక్తికి ధన్యవాదాలని. మొదటి షరతు ప్రకారం అసలు ప్రోగ్రామును ఉచితంగా ఎవరికైనా ఇవ్వవచ్చు గనుక, ఫ్లాపీలు చేసుకుని మూడు వ్యవసాయ ఆఫీసులకు తిరిగాను. ఒకచోట కంప్యూటర్ లేదన్నారు. ఒకచోట పెట్టిపొమ్మన్నారు. మూడోచోట ఆఫీసరు, "యూనివర్శిటీ చీటీ దుకాణాలల్ల ఇస్తనే ఉన్నరు కదమ్మా, మళ్ల మీదేంది కొత్తగా?" అని అడిగాడు. ఆయనకు చెప్పడానికి గంట పట్టింది. అంతా విని, "అయితే ఏది అసలుది?" అన్నాడు.

ఇవన్నీ అయ్యాక మామ ఊరికి వెళ్లాను. మామ ఇంటికొచ్చి ఆరు నెలలయింది. ఒళ్లు కోలుకుంది గానీ చేతుల వణుకు పోలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. భూమి కౌలుకిచ్చేశారు. నేను కూర్చుని మొదటినుంచీ చెప్పాను. ఐదు షరతులు, నాలుగోది, మేనేజరు, సార్ పెన్ను, నా టైపు.

మామ అంతా విని, "నువ్వేం జేస్తవ్ బిడ్డా, నీ చేతుల ఏముండె?" అన్నాడు. తర్వాత, "గా లైను ఇప్పుడు మళ్ల రాయరాదా?" అని అడిగాడు.

"రాయరు మామా."

"ఎందుకు?"

"రాయాల్సిన అక్కర వాళ్లకు లేదు."

అత్త బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టింది.

"నీకు ఎరికేనా? గది కొట్టేసిన నాడే?"

"ఎరికే అత్తా."

"గా పొద్దు ఇంటికొచ్చి చీటీలు అన్ని దుకాణాలల్ల వస్తయని చెప్తివి. లడ్డూలు దెచ్చి పంచితివి. గీ ముక్క మాకు చెప్పకపోతివి."

నేను చాటలోంచి ఒక వడ్ల గింజ ఏరి పక్కన పెట్టాను.

"మాకు చెప్తే, ఆయన దుకాణం చీటీ నమ్మకపోతుండె గద. లైను కొట్టేసినోడు కొట్టేసిండు. మాకు నోటితోని చెప్పనీకె నీకు ఎవ్వడు అడ్డమొచ్చిండు?"

"ఊకోరాదే, పిల్లతోని ఏం పంచాయతి?" అన్నాడు మామ. అత్త మళ్లీ చాట అందుకుంది. ఆ రోజు నేను బయల్దేరుతుంటే ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. మూడేళ్లూ, ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, ఆ ఇంటి గడప బొట్టు పెట్టించుకోకుండా నేను దాటలేదు. ఆమె బొట్టు పెట్టలేదు. నేను అడగలేదు.

రెండు పంటలు గడిచాక దుకాణాల్లో కంప్యూటర్లు తీసేశారని విన్నాను. చీటీ లేకపోయినా అప్పటికి రైతులు నాలుగు రోజులకోసారి మందు కొనడం అలవాటు చేసుకున్నారు. తొంభైల నడుమ విశ్వవిద్యాలయం నుంచి నాకో ఉత్తరం వచ్చింది. తాము తయారుచేసిన ప్రోగ్రాముల జాబితా అచ్చువేస్తున్నారట. మా ప్రోగ్రాము అసలు నకలు వాళ్ల దగ్గర లేదట, నా దగ్గర ఉంటే పంపమని, దాని మీద నాకే హక్కూ లేదని సంతకం చేసి పంపమని ఒక పత్రం జతచేశారు. రెండు మూడు రోజులు అటూ ఇటూ పెట్టి చివరికి చింపేశాను. జవాబు రాలేదేమని ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి ఎండాకాలం కరీంనగర్‌లో మా చెల్లె పెండ్లికి మామా అత్తా వచ్చారు. భోజనాల దగ్గర మామ నా పక్కనే కూర్చున్నాడు. చేయి వణికి చారు విస్తరి అంచు దాటి కారుతుంటే, చూడనట్టు నేను నీళ్ల చెంబు వైపు చూశాను. ఈసారి కౌలుదారు జొన్న వేస్తున్నాడని, వానలు ముందే వచ్చేటట్టున్నాయని చెప్పాడు. కంప్యూటర్ సెంటర్ ఎట్లా నడుస్తోందని అడిగాడు. బాగానే నడుస్తోందన్నాను. "మంచిగ చెప్పు బిడ్డా పోరగాండ్లకు" అన్నాడు.

అత్త ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. భోజనం అయ్యాక చేయి కడుక్కుని వచ్చి, మామ భుజం మీద తువ్వాలు సర్దింది. "లే, బస్సుకు టైమైంది" అంది. మామ నా తల మీద చేయి పెట్టి లేచాడు. అత్త అవ్వతో పోయొస్తానని చెప్పింది, బాపుతో చెప్పింది, పెండ్లిపిల్ల గదవ పట్టుకుని చెప్పింది. మామ చేయి పట్టుకుని నా పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయింది.